వేదవతి గారి పైన్ మొక్కలు

అశోక్ నగర్‌లో వేదవతి గారి ఇంటి ముందు ఏ బండైనా ఆగొచ్చు గానీ, ఇంజన్ మాత్రం ఆడకూడదు. సొంత అల్లుడు కొత్త కారు చూపించడానికి వచ్చినా సరే, గల్లీ మొదట్లో ఇంజన్ ఆపి చెమటలు కక్కుతూ తోసుకు రావాల్సిందే.

దీనంతటికీ కారణం గేటు పక్క కుండీల్లోని రెండు పైన్ మొక్కలు. ఊటీ నుంచి ఆవిడ ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న పసికూనలు. 2012 ఎండాకాలంలో నల్లా మొహం చాటేసింది. సూదుల్లాంటి ఆకుల కొసలు ఎర్రబడ్డాయి.

“నీళ్ల దూప ఒక్కటే అయితే ఓర్సుకుంటయి, పొగ ఒక్కటే అయినా ఓర్సుకుంటయి. పొగ తగిలితే వేరు ఎదగదు, వేరు ఎదగకుంటే నీళ్లు గుంజదు. రెండూ గలిస్తే పసిది ఏం జేస్తదన్నా?” అని ఆటోవాళ్లకు పాఠం చెప్పేవారు. వాళ్లు గత్యంతరం లేక ఇంజన్ ఆపి వినేవారు. ఆవిడకు కావలసిందీ అదే.

నీళ్ల ట్యాంకర్ దాసయ్య దగ్గర మాత్రం ఈ పాఠం చెల్లలేదు. అతని బండి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. అందుకని ట్యాంకర్ గల్లీ చివరే నిలిచేది. ఆవిడ మేడ మీద నడిపే హాస్టల్లోని అమ్మాయిలు తిట్టుకుంటూ బకెట్లతో నీళ్లు మోసేవారు.

గ్రూప్స్‌కు చదువుతున్న త్రివేణి ఒక్కతే ఆ మొక్కలకు మనసులో దండం పెట్టుకునేది. ఆమెకు ఉబ్బసం. పొగ తగిలితే ఛాతీలో పిల్లికూతలు. సంగతి తెలిస్తే నాన్న పుస్తకాలతో సహా ఊరికి తీసుకుపోతాడని ఇన్‌హేలర్‌ను దిండు గలీబులో దాచి, దుప్పటి కప్పుకుని దగ్గేది.

ఇంక వారంలో పరీక్ష అనగా వేదవతి గారు మొక్కల్ని వికారాబాద్‌లో తమ్ముడి తోటకు పంపేశారు. అక్కడ గాలి మంచిది, బావిలో నీళ్లూ ఉన్నాయి. త్రివేణి గుండె జారిపోయింది. ఇక పొగకు అడ్డేముంది?

మర్నాడే దాసయ్య దర్జాగా ట్యాంకర్‌ను గల్లీలోకి తిప్పాడు. వేదవతి గారు చేతులు చాచి అడ్డం నిలబడ్డారు.

“మొక్కలు పోయినయ్ గదమ్మా?” అన్నాడు దాసయ్య.

“పోయినయి రెండే. మూడోది మేడ మీద చదువుకుంటున్నది.”

కిటికీలో నిలబడ్డ త్రివేణి బిక్కచచ్చిపోయింది. దుప్పటి కింది దగ్గులన్నీ కింది వాటాకు వినిపిస్తూనే ఉన్నాయన్నమాట. అయినా ఆవిడ ఊరికి ఫోన్ చేయలేదు. వచ్చేపోయే బండ్లన్నిటి చేతా ఇంజన్లు ఆపించారు, అంతే.

ట్యాంకర్ వెనక్కి మళ్లింది. త్రివేణి తోటి అమ్మాయిలందరి ముందే ఇన్‌హేలర్ పీల్చింది. ఛాతీ కంటే ముందు మనసు తేలికపడింది. బకెట్ అందుకుని కిందికి పరుగెత్తింది.

వేదవతి గారు ఆ బకెట్ లాక్కున్నారు. “మొక్కలు ఏడనన్న బకెట్లు మోస్తయా? పోయి చదువుకో బిడ్డా.”