కల్లమంతా విన్న చప్పుడు

మావారు పోయాక పదకొండు నెలలుగా ఆయన కారు నేనే నడుపుతున్నాను. ఇంజన్‌లో గరగర వచ్చిన ప్రతిసారీ ఒక నోటు పుస్తకంలో తేదీ, వేళ రాసుకున్నాను. ఇరవై మూడు సార్లు. మా అనంతపురం మెకానిక్ ఇంజన్ పోయిందని, కారు తుక్కుకి ఇచ్చేయమని చెప్పాడు.

మార్చిలో దర్శి దాటాక ఆ చప్పుడు పెరిగిపోయి, మిరపకాయలు ఆరబెట్టిన కల్లం పక్కన ఒక షెడ్డు దగ్గర ఆపాను. అక్కడి ముసలి మెకానిక్ నా పుస్తకం చదివి, "ఆసుపత్రిలో కూడా ఇంత బాగా రాయరమ్మా" అన్నాడు. బానెట్ ఎత్తి కల్లం వైపు కేకేశాడు: "ఒరేయ్, ట్రాక్టర్లు ఆపండిరా! అమ్మగారి బండి వినాలి."

ట్రాక్టర్లు ఆగాయి. సెల్‌ఫోన్‌లో పాట ఆగింది. కాయలు ఏరుతున్న ఆడవాళ్లు మాటలు మానేశారు. ముక్కూమొహం తెలియని మనిషి కోసం అంతమంది ఊరుకోవడం నేనెక్కడా చూడలేదు.

మెకానిక్ ఇంజన్ బెల్టు ఊడదీసి, నన్ను స్టార్ట్ చేయమన్నాడు. గరగర లేదు.

"ఈ బెల్టు తిరిగే పుల్లీ బేరింగ్ అరిగిందమ్మా, అంతే. అది మారిస్తే చాలు. ఇంజన్‌కేం కాలేదు."

నేను ఇంజన్ ఆపాను. కల్లంలో ఇంకా ఎవరూ కదల్లేదు. చివరికి ఒకావిడ ఉండబట్టలేక అడిగింది: "ఏమన్నాడు మామ్మగారూ? బతుకుద్దా?"

"బతుకుద్దమ్మా" అన్నాను.

అప్పుడు గానీ వాళ్లు ట్రాక్టర్లు స్టార్ట్ చేయలేదు.