దగ్గు తీసేసిన గొంతులు

కంకర క్రషర్‌లో పన్నెండేళ్లు రాళ్లు మోసిన ఆమె చేతులకు మౌస్ అలవాటు కావడానికి పన్నెండు రోజులు కూడా పట్టలేదు. ఇందులో వింతేమీ లేదు, అది రాయికన్నా తేలిక. పిండిమిల్లు పైగదిలో, కిటికీలకు పాత బొంతలు వేలాడదీసి, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, క్రషర్ కూలీల సంఘం సొంత రేడియో పెట్టుకున్నప్పుడు ఎడిటింగ్ బాధ్యత ఆమె నెత్తిన పడింది. అట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయని శిక్షణ ఇచ్చిన మాస్టారు సెలవిచ్చారు. వాటిలోని గుడ్లను ఎవరు మింగారో చరిత్రకు అందలేదు.

మాస్టారు మరో మాట కూడా సెలవిచ్చారు.

"వినేవాడు ఇంటికొచ్చిన చుట్టం లాంటివాడమ్మా. చెత్త ఊడవకుండా లోపలికి రమ్మంటామా?"

ఆమె దాన్ని వేదవాక్కులా పట్టుకుంది. కుర్చీ కిర్రుమన్నా, కాకి అరిచినా కోసి పారేసేది. అన్నిటికన్నా ఎక్కువగా కోసింది దగ్గుల్ని. క్రషర్ దుమ్ము తిన్నవాళ్లు నాలుగు మాటలకోసారి దగ్గుతారు కనుక ఆమెకు పనికి కరువు లేదు. శాలువా, పూలదండా ఖర్చు లేకుండా జనం ఆమెకు 'కత్తెరమ్మ' అని బిరుదు ఇచ్చేశారు.

క్రషర్ యజమాని కూలీలందరికీ ఊపిరితిత్తుల పరీక్షలు చేయించాలని సంఘం అడుగుతోంది. రేడియోలో వినిపించడానికీ, ఆరోగ్యశాఖకు పెట్టే అర్జీతో జతచేయడానికీ పద్నాలుగు మంది గొంతులు రికార్డు చేశారు. వాటిలో కత్తెరమ్మ అక్కది ఒకటి. అప్పటికే అక్క మంచం దిగడం లేదు. కార్యక్రమం రేడియోలో వచ్చిన రోజు ఆ మంచం మీదే దిండుకు ఆనుకుని వింది.

"నా గొంతు పెళ్లినాటిలా ఉందే!" అని మురిసిపోయింది.

"ముప్పయ్యేళ్లుగా మీ అక్క నోరు మూయించలేకపోయాను మరదలా. నువ్వు ఏకంగా దగ్గునే మూయించావు. నీకో దండం!" అన్నాడు బావ.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వుకే అక్కకు దగ్గు తెర కమ్ముకొచ్చింది.

రెండు నెలలకు అక్క పోయింది. ఆమె పోయిన పదో రోజున ఆరోగ్యశాఖ ఆఫీసరు సంఘాన్ని పిలిపించి, అర్జీని తిప్పి ఇచ్చారు.

"మొత్తం విన్నానమ్మా. ఎంత చక్కగా మాట్లాడారు! ఒక్కరికీ ఆయాసం లేదు, దగ్గు లేదు. జబ్బు మనుషులు ఇలా ఉంటారా?"

ఆయన మాటలో వెటకారం లేదు. అదే కత్తెరమ్మను ఎక్కువ కాల్చింది.

కోయని అసలు రికార్డింగులు ఏవీ మిగల్లేదు. గది ఊడ్చినంత శ్రద్ధగా ఆమె కంప్యూటర్‌నూ ఊడ్చేది. పదమూడు మంది మళ్లీ వచ్చి, దగ్గుతూనే చెప్పి వెళ్లారు. పద్నాలుగో మనిషి రాలేదు. ఆమె మొగుడు వచ్చాడు.

"ఒక్కసారి వినిపించు."

వినిపించింది. బావ తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"ఇది మీ అక్క కాదే. మీ అక్క ఇంత సాఫీగా ఏనాడు మాట్లాడింది? దగ్గున్నది లేదా?"

ఆమె లేదన్నట్టు తలూపింది. బావ లేచి మెట్లు దిగిపోయాడు.

"ఇంకెవరిదో దగ్గు తెచ్చి అతికించెయ్. ఆఫీసుకేం తెలుస్తుంది?" అన్నాడు సంఘం పెద్ద, గొంతు తగ్గించి.

"బావకు తెలుస్తుంది."

ఆమె తలుపు మూసి, మైకు ముందు కూర్చుంది. అక్క మాటలకు ముందు తన మాట చేర్చింది. "ఇప్పుడు మీరు వినబోయే మనిషి ప్రతి మాటకూ దగ్గేది. బాగుండదని నేనే తీసేశాను. ఆమె ఇప్పుడు లేదు."

చెప్పింది మూడు ముక్కలు. వాటి మధ్య తానూ రెండుసార్లు దగ్గింది. ఎడిటింగ్‌కు కూర్చోగానే అలవాటుకొద్దీ చెయ్యి కంప్యూటర్ తెర మీది కత్తెర బొమ్మ మీదకు పోయింది. కాసేపు అక్కడే ఉండి, వెనక్కి వచ్చింది.