సగం సాక్ష్యం

ఈ బరువును ఏళ్ల తరబడి మోస్తున్నాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను, అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. మల్కాజ్‌గిరిలో రెండు గదులు, నేను, ఒక టీవీ. సంఘంలో చెబుదామంటే అక్కడ నేను పెద్దమనిషిని.

మా సంఘంలో గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం ఆరాధన ఉంటుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. మొదటిది క్షమాపణ మాట. తనకు మేకులు కొడుతున్నవాళ్లు తెలియక చేస్తున్నారని, వాళ్లను క్షమించమని తండ్రిని వేడుకున్న మాట. ఏటా అది నాకే ఇస్తారు. టీచరమ్మ చెబితే కళ్లనీళ్లు ఆగవంటారు. అయ్యో, వాళ్లకేం తెలుసు! ఆ మాట మొదట ఇచ్చింది నాకు కాదు, సుగుణకు.

సుగుణది సీతాఫల్‌మండి. పెళ్లయ్యాక బాప్తిస్మం తీసుకుంది. వాళ్లమ్మ అమ్మవారికి బోనాలు ఎత్తిన మనిషి. నేనేమో గుంటూరు వైపు నుంచి వచ్చినదాన్ని, తాతల నాటి నుంచీ క్రైస్తవులం. ఈ ఊళ్లో నాకు స్నేహితురాలంటూ ఉన్నది ఆమె ఒక్కతే. పాటల కూడికకు కలిసి వెళ్లేవాళ్లం, ఒకే డబ్బాలో తినేవాళ్లం. అయినా, పాస్టరుగారు ఆ ఏడాది మొదటి మాట ఆమెకిచ్చారని తెలియగానే నా కడుపు మండిపోయింది. నిన్నగాక మొన్న వచ్చిన మనిషికా! పైకి మాత్రం దేవునికి స్తోత్రం అన్నాను.

ఆ వారమే సంఘ పెద్దల దగ్గరికి ఒక ఫోటో చేరింది, ఎవరు పంపారో నాకు ఇప్పటికీ తెలియదు. అందులో సుగుణ నెత్తి మీద బోనం ఉంది.

ఆ రోజు నేను ఆమెతోనే ఉన్నాను. అంతకుముందు ఆషాఢంలో, వాళ్ల వీధిలో ఒకరింట్లో ప్రార్థన ముగించుకుని వస్తున్నాం. బోనాల ఊరేగింపు ఎదురైంది. సుగుణ పక్కింటి యాదమ్మ పొద్దుటి నుంచీ ఉపవాసం, ఆపైన ఒళ్లు కాలిపోయే జ్వరం. నెత్తిన బోనంతోనే ఎండకు కళ్లు తిరిగి తూలింది. బోనం దారిలో కింద పెట్టకూడదు. చుట్టూ ఉన్నవాళ్లకు ఏం చేయాలో తోచలేదు. సుగుణ చప్పున కుండ అందుకుని తన నెత్తిన పెట్టుకుంది. నేను కొట్టుకు పరుగెత్తి నీళ్లు తెచ్చాను. యాదమ్మ ముఖం కడిగి అరుగు మీద కూర్చోబెట్టాం. వాళ్ల కూతురు రాగానే సుగుణ కుండ ఇచ్చేసింది. అంతే జరిగింది.

సుగుణ ఇదంతా పెద్దలకు చెప్పుకుంది. తప్పు చేసినవాళ్లందరూ ఏదో ఒక కారణం చెబుతారన్నారు. "అక్క ఉండె గదా, అక్కను అడుగుండ్రి" అంది. నన్ను పిలిచారు.

"టీచరమ్మా, ఈమె నెత్తిన బోనం పెట్టుకోవడం మీరు చూశారా?"

"చూశానండి."

అంతవరకే చెప్పి ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నాను? నోరు పెగలలేదా? పెగిలింది. ఇంకో రెండు ముక్కలు చెబితే సరిపోయేది. ఆ రెండు ముక్కలు నాలుక చివరే ఉన్నాయి, అవి చెబితే మొదటి మాట ఆమెకే ఉండిపోతుందని కూడా అదే క్షణాన తోచింది, తోచాకే ఊరుకున్నాను.

బయట మెట్ల దగ్గర సుగుణ అడిగింది. "అక్కా, యాదమ్మ పడిపోవుడు చెప్పకపోతివేంది?"

"వాళ్లు అడగలేదుగా సుగుణా."

నా ముఖంలోకి చూసింది. "మంచిదక్కా" అంది. తిట్టినా బాగుండేది.

ఆమెకు బల్ల ఆపేశారు. అంటే, ప్రభువు బల్లలోని రొట్టె, ద్రాక్షారసం ముట్టకూడదు. అందరి ముందూ పళ్లెం ఆమెను దాటిపోయింది. అది నా చేతికి వచ్చింది. తీసుకున్నాను. మొదటి మాట కూడా నాకే వచ్చింది. సుగుణ కొన్నాళ్లు వెనక బెంచీలో కూర్చుంది, తర్వాత రావడం మానేసింది. కూడికకు నేను ఒక్కదాన్నే వెళ్లడం మొదలుపెట్టాను.

నేను అబద్ధమాడలేదు కదా అని చాలాకాలం సరిపెట్టుకున్నాను. కానీ ఆ తీర్పు రాత్రి యేసు మీద సాక్ష్యం చెప్పినవాళ్లు మాత్రం? ఆయన అన్న మాటనే తెచ్చి, మెలిపెట్టి చెప్పారు. సిలువకు మేకులు ఒక్కటే సరిపోలేదు, అలాంటి నాలుకలు కూడా కావలసి వచ్చాయి. మేకులు కొట్టిన సైనికులకు ఏం చేస్తున్నారో తెలియదు. నాకు తెలుసు. తెలిసి చేసినదాన్ని ఆ మొదటి మాట నీడలో ఎక్కడ నిలబడను? ఆయన రక్తం ఏ పాపాన్నైనా కడుగుతుందని నమ్ముతాను, ఇవాళ్టికీ నమ్ముతాను. కానీ పక్క సిలువ మీది దొంగ కూడా, నాకు ఈ శిక్ష న్యాయమే అని పదిమంది వినేలా అన్నాకే కదా, నాతో పరదైసులో ఉంటావన్న యేసు మాట విన్నాడు! నేను గదిలో తలుపేసుకుని దేవుడికి చెప్పుకుంటూ వచ్చాను. దేవుడికి ముందే తెలుసు. తెలియాల్సింది సంఘానికి.

మొన్న ఆదివారం పళ్లెం వచ్చినప్పుడు ముట్టకుండా పక్కకు పంపేశాను. నన్నెవరూ ఆపలేదు, నన్ను నేనే ఆపుకున్నాను. పక్కనున్నావిడ "ఒంట్లో బాగాలేదాండీ?" అంది. అవునన్నట్టు తలూపాను. చూశారా, నా బుద్ధి! అప్పుడు కూడా నిజం నోటికి రాలేదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. సుగుణ క్షమిస్తుందో లేదో తెలియదు, క్షమించాల్సిన పని ఆమెకేమీ లేదు. ఈ గుడ్ ఫ్రైడేకి కూడా మొదటి మాట నాదేనని పాస్టరుగారు ఫోన్ చేశారు. సరేనన్నాను. ఆ రోజు సుగుణ పేరు చెప్పి మొదలుపెట్టాలని ఉంది. మైకు ముందు నిలబడ్డాక నోరు వస్తుందో రాదో ప్రమాణం చేయలేను, నా మాట మీద నాకే నమ్మకం లేదు. ఇక్కడ మాత్రం ఏదీ దాచుకోలేదు. గుండె కాస్త తేలికపడింది. ఆమె ఇంకా బల్లకు దూరంగానే ఉండగా నాకు తేలికపడినందుకు సిగ్గుగా ఉంది.