ఆయుధపూజ నాడు కడిగిన కుర్చీ

ఈ సంగతి రాసి పెట్టాలని అనుకోవడానికి కారణం ఉంది. దీని గురించి ఇప్పటిదాకా కాగితం మీద ఉన్నది ఒకే ఒక్క వాక్యం. నా కరెంటు వీల్‌చైర్ చెడిపోయినప్పుడు కంపెనీ ఇంజనీరు వచ్చి చూసి, ఇంగ్లీషులో రాసి ఇచ్చి వెళ్ళాడు: లోపలికి నీళ్ళు చేరడం వల్ల పాడైంది, వాడినవారి తప్పు. ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ దాని వెనక ఏం జరిగిందో దానికి తెలియదు. మా పేట లైబ్రరీలో వెతికాను. కాళ్ళు లేకుండా కొండలెక్కినవాళ్ళ జీవితకథలు దొరికాయి. కుర్చీ చెడిపోయి ఇంట్లో కూర్చుండిపోయినవాళ్ళ కథ ఒక్కటీ దొరకలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

నాకు నాలుగో ఏట పోలియో వచ్చింది. ఏడో తరగతి దాకా అమ్మ ఎత్తుకుని బడికి తీసుకుపోయింది. తర్వాత నేను బరువయ్యాను, బడి ఆగింది. మిగతా చదువంతా లైబ్రరీదే. అన్న తన కార్డు మీద వారానికొకసారి పుస్తకాలు తెచ్చేవాడు. ఏ పుస్తకమో చూసేవాడు కాదు, చేతికందినవి సంచిలో వేసుకొచ్చేవాడు. అలా నేను పశువైద్యం చదివాను, ఓడల చరిత్ర చదివాను, ఇంటి కరెంటు పనులు చదివాను. ఇంట్లో మాట తెలుగైనా బడిలో నేర్చింది కన్నడం. తెలుగు అక్షరాలు, ఇంగ్లీషు రెండూ పుస్తకాల పక్కన పుస్తకాలు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. ఇది చెప్పుకోవడంలో నాకు సిగ్గు లేదు.

మూడేళ్ళ క్రితం ఒక ట్రస్టు వాళ్ళు నాకు కరెంటు కుర్చీ ఇచ్చారు. కుడిచేతి కింద చిన్న పుల్లలాంటి జాయ్‌స్టిక్. ఎటు వంచితే అటు పోతుంది. ఆ కుర్చీ వల్లే బొమ్మనహళ్ళిలో మా వీధి చివరి గార్మెంట్స్ యూనిట్‌లో నాకు పని దొరికింది. కుట్టిన చొక్కాలకు దారాలు కత్తిరించి, గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పని. నా కోసం ఒక టేబుల్ కాళ్ళు కోసి పొట్టిగా చేశారు. ఇంటి నుంచి పది నిమిషాలు. నలభై దాటాక మొదటిసారి ఎవరినీ అడగకుండా గడప దాటాను.

ఆయుధపూజకు మా వైపు చక్రం ఉన్నది ఏదైనా కడిగి పూజ చేయాల్సిందే. అన్నకు గూడ్స్ ఆటో ఉంది. మొదటి రెండేళ్ళు దానికి జరిగే వైభవంలో నా కుర్చీకి ఒక కుంకుమ బొట్టు దక్కేది. మూడో ఏడు అన్న పైపు పట్టుకుని వచ్చాడు.

"ఈసారి నీ బండి కూడా కడిగేస్తా పాపా. చూడు, బురద పట్టి ఎట్లుండాదో."

వదిన వాకిట్లోంచి అంది: "కరెంటుది కదా అది, నీళ్ళు తగలొచ్చునా?"

నేను చెప్పాను: "వానలో కూడా పోవచ్చని దాని పుస్తకంలో రాసుండాది వదినా. నేను చదివినా."

"చూస్తివా? మా పాప చదివింది. నీ మిక్సీకి ఉండాదా ఇట్లాంటి పుస్తకం?" అన్నాడు అన్న. వదిన మూతి తిప్పుకుని ముగ్గు వేసుకోవడానికి పోయింది.

ఆ పుస్తకంలో సన్నటి తుంపరలో కాసేపు పోవచ్చని ఉన్న మాట నిజం. పైపుతో నీళ్ళు కొట్టకూడదని దాని తర్వాతి పేజీలో ఉంది. ఆ పేజీ నేను తిప్పలేదు. నాకు కావలసిన మాట దొరకగానే పుస్తకం మూసేశాను.

అన్న కుర్చీని చక్రాల నుంచి జాయ్‌స్టిక్ దాకా కడిగాడు. వదిన తడి పసుపు, కుంకుమ పెట్టింది. సేవంతి దండ వేశారు. బూడిద గుమ్మడికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను కూర్చుని వాటిని తొక్కించుకుంటూ ముందుకు పోయాను. చుట్టుపక్కలవాళ్ళు చప్పట్లు కొట్టారు.

నాలుగో రోజు పని నుంచి వస్తుంటే రోడ్డు మధ్యలో కుర్చీ ఆగిపోయింది. జాయ్‌స్టిక్ పక్కన ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. వెనక వస్తున్న యూనిట్ ఆడవాళ్ళు నలుగురు తోశారు. చక్రం కదల్లేదు.

"ఏమక్కా ఇది, మా ఆయన మాదిరి మొండికేసి కూర్చుండాది!" అంది ఒకామె. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వెనక కిందివైపు మీట ఉంటుంది, అది ఎత్తితే చక్రాలు వదులవుతాయని చెప్పాను. ఇల్లు చేర్చేసరికి వాళ్ళ జాకెట్లు చెమటతో తడిసిపోయాయి.

కంపెనీకి ఫోన్ చేశాను. "మేడం, కంప్లైంట్ రిజిస్టర్ అయింది, ఇంజనీర్ కాంటాక్ట్ చేస్తారు" అంది ఒక అమ్మాయి. ప్రతిసారీ కుర్చీ నంబరు అడుగుతారు. అది సీటు కింద ఉంటుంది. దాన్ని చూడాలంటే ముందు నన్ను ఎవరైనా ఎత్తి కింద దించాలి. రెండోసారికి నంబరు కంఠస్థం చేసుకున్నాను. మూడోసారి వేరే అమ్మాయి ఫోన్ ఎత్తి, మొదటి కంప్లైంటే కనబడటం లేదంది.

మా సూపర్‌వైజరమ్మ ఇంటికొచ్చింది. "అక్కా, వచ్చే నెలాఖరు దాకా నీ టేబుల్ ఎవురికీ ఇయ్యనీను. ఆపైన నా చేతిలో లేదు" అంది. పాత తోపుడు కుర్చీ ఉంది కానీ తోసేవాళ్ళెవరు? అన్న తెల్లవారకముందే మార్కెట్ లోడుకు పోవాలి. వదిన బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంటులో వంటకు పోతుంది. మొదటి వారం అన్న లోడు మానుకుని నన్ను దింపాడు. ఆ లోడు వేరే ఆటోకు పోయింది. ఇక వద్దన్నాను.

పన్నెండు రోజులకు ఇంజనీరు వచ్చాడు. జాయ్‌స్టిక్ కింది మూత విప్పకుండానే సందులోంచి టార్చి వేసి చూశాడు, ఫోటోలు తీశాడు, కాగితం రాసి నా చేతిలో పెట్టాడు. గ్యారంటీ వర్తించదు, కొత్త పార్టు కొనుక్కుంటే రెండు మూడు వారాల్లో వస్తుంది. ఇదంతా ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోయాడు.

"ఏమంట పాపా?" అన్నాడు అన్న.

నా చేతిలో కాగితం ఉంది. అన్న మొహం చూశాను. కుర్చీ ఆగిపోయిన రోజు నుంచి అతను సరిగ్గా తినడం లేదు.

"లోపల పార్టు దానంతటదే పోయిందంట అన్నా" అన్నాను.

"అట్లయితే గ్యారంటీలో వాళ్ళే ఇయ్యాల కదా!"

అక్కడి నుంచి అన్న యుద్ధం మొదలుపెట్టాడు. లోడు దించిన ప్రతిచోటి నుంచీ కంపెనీకి ఫోన్ చేసేవాడు. "రిపోర్ట్ చూడండి సార్" అని వాళ్ళనేవాళ్ళు. "రిపోర్టు మా చెల్లెలు చదివిందప్పా! మీకన్నా బాగా చదువుతాది ఆయమ్మ. తప్పు మీదే!" అని ఇతను అరిచేవాడు. రెండుసార్లు వాళ్ళ ఆఫీసుకు పోయాడు. వీల్‌చైర్ల ఆఫీసు మూడో అంతస్తులో ఉందట, లిఫ్టు కూడా పనిచేయడం లేదట. అది చెప్పి అన్న నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

అలా నెల గడిచింది. ఒక్క మాట చెప్పి ఉంటే మొదటి రోజే పార్టుకు ఆర్డరు పెట్టేవాళ్ళం. రేపు చెబుదామని ప్రతిరోజూ అనుకున్నాను. రోజు గడిచేకొద్దీ చెప్పడం మరింత కష్టమైంది. లైబ్రరీ అటెండరు పుస్తకాలు ఇంటికే పంపించాడు. అవి కిటికీ దగ్గర దొంతరగా ఉండిపోయాయి. పుస్తకం ఎదురుగా ఉండి చదవబుద్ధి కాకపోవడం నా బతుకులో అదే మొదలు.

చివరికి అన్న కరెంటు స్కూటర్లు బాగుచేసే మెకానిక్‌ను పిలుచుకొచ్చాడు. కంపెనీ మనిషి విప్పని మూత అతను విప్పాడు. లోపల రాగి తీగలు ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ప్లగ్గు సందులో పచ్చటి ముద్ద ఎండిపోయి ఉంది. గోటితో గీకి వాసన చూశాడు.

"అప్పా, ఇది పసుపప్పా! దీనికి కూడా పేరంటం చేసినారా?"

అన్న నవ్వబోయి ఆగిపోయాడు. నా వైపు తిరిగాడు. "ఆ కాగితంలో ఇదే ఉండాదా?"

"ఉండాది."

"నీళ్ళు పట్టింది నేనని ఎందుకు చెప్పలేదు పాపా?"

"పట్టమన్నది నేను కదన్నా."

అన్న బయటికి పోయి ఆటోలో కూర్చున్నాడు. చాలాసేపు స్టార్ట్ చేసిన చప్పుడు వినబడలేదు.

మెకానిక్ తీగలు తుడిచి ఎలాగో కుర్చీని రెండడుగులు కదిలించాడు. కానీ వదిలిపెట్టడానికి ఒప్పుకోలేదు. "ఆగమన్నప్పుడు ఆగకపోతే? మీ వీధి దాటితే హోసూరు రోడ్డు. నాకు మనసు రాదక్కా" అన్నాడు. పార్టుకు ఆర్డరు పెట్టాం. మూడు వారాలకు వచ్చింది వేరే మోడలుది, ప్లగ్గు పట్టలేదు. తిప్పి పంపి మళ్ళీ ఎదురుచూశాం. ఈ మధ్యలో నెలాఖరు ఎప్పుడు దాటిందో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

సరైన పార్టు వచ్చి, బిగించిన మర్నాడే యూనిట్‌కు పోయాను. పది నిమిషాలే పట్టింది. నా టేబుల్ కాళ్ళ కింద చెక్కలు కొట్టి మళ్ళీ ఎత్తు చేశారు. ఒకామె నిలబడి దారాలు కత్తిరిస్తూ ఉంది. ఆమెకు నేనెవరో తెలియదు, చూసి నవ్వింది. సూపర్‌వైజరమ్మ నా కళ్ళలోకి చూడకుండా, "ఖాళీ అయితే ఫోన్ చేస్తానక్కా" అంది. సరేనన్నాను. కుర్చీని వెనక్కి తిప్పాను. కొత్త పార్టు కదా, చాలా తేలిగ్గా తిరిగింది.

పేర్లు పెట్టి చెప్పాల్సినవాళ్ళున్నారు. కానీ కంపెనీతో ఇంకా పని పడుతుంది కాబట్టి పేర్లు రాయను. నన్ను ఇంటిదాకా తోసిన నలుగురు ఆడవాళ్ళకు, చెప్పిన గడువుకన్నా పది రోజులు ఎక్కువే టేబుల్ కాపాడిన సూపర్‌వైజరమ్మకు, ఎలాగో ఒకలా నడిచే కుర్చీ ఇచ్చి చేతులు దులుపుకోని మెకానిక్‌కు, గడువు దాటిన పుస్తకాల గురించి అడగని లైబ్రరీ అటెండరుకు, చివరి ఫోన్‌లో సరైన పార్టు నంబరు మెల్లగా చెప్పిన కంపెనీ అమ్మాయికి, నీళ్ళు తగలొచ్చునా అని మొదటే అడిగి, ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తని మా వదినకు నేను రుణపడి ఉన్నాను.

అన్నకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. అతను ఇప్పుడు కుర్చీని ముట్టుకోడు. దారికి అడ్డంగా ఉన్నా పక్కనుంచి తప్పుకుని పోతాడు. అన్నకు తెలుగు చదవడం రాదు. ఒక ఆదివారం కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించాలనుకున్నాను. ఇప్పటికి రెండు ఆదివారాలు పోయాయి.