బతికున్న అవ్వకు దండ

పోయినేడు సెకండ్‌హ్యాండ్‌లో ఒక కెమెరా, పాత లెన్సు కొన్నాను. కోటగిరిలో మా చెరుకు తోట గట్టు మీద నవ్వుతున్న నాయనమ్మను ఫోటో తీసి, నిజామాబాద్‌లో ఒక స్టూడియోలో ప్రింటుకిచ్చాను. తెచ్చుకుందామని ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్తే, షాపు ముందర పెద్ద 'శ్రద్ధాంజలి' ఫ్లెక్సీ. అందులో దండ మధ్య మా అవ్వ నవ్వుతోంది.

"నేనింకా బతికే ఉన్న గద బిడ్డా" అంది అవ్వ, చిన్న గొంతుతో.

నాకు ఒళ్లు మండిపోయింది. షాపాయన మాత్రం తాపీగా, "శాంపిల్‌కు పెట్టినన్నా. నువ్వు జెప్పిన తక్కువ పైసల సస్తా కెమెరాల గింత మంచి ఫోటో నేనెప్పుడు సూడలే" అన్నాడు. ఆ మెచ్చుకోలు ఇంకా మంట పుట్టించింది. ఫ్లెక్సీని అక్కడే చించి పారేశాను.

ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. నేను కెమెరా బయటికి తీస్తే చాలు, అవ్వ కొంగుతో ముఖం కప్పుకుంటోంది.