చెవిలో రికాబు

తమిళనాట తుడియలూరు పంపుల వర్క్‌షాపులో మునిసామిది ముప్పైనాలుగేళ్లుగా ఒకటే పని. తయారైన ప్రతి పంపునూ నడిపించి, పొడుగాటి స్క్రూడ్రైవరు కొన దాని మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి వింటాడు. బేరింగులో తేడా ఉంటే ఇట్టే చెప్పేస్తాడు. అతను సరేనంటేనే పంపు గేటు దాటుతుంది.

అలాంటివాడికి ఇంట్లో భార్య మాట వినిపించదంటే ఎవరు నమ్ముతారు? సౌందరం నమ్మలేదు. ఆవిడనీ అనడానికి లేదు. వర్క్‌షాపు రొదలో అందరి కేకలకూ బదులిచ్చే మనిషి, ఇంట్లో పక్కనే నిలబడి "అన్నం పెట్టేదా" అంటే గోడకేసి చూసేవాడు. చెవిటివాని ముందు శంఖం ఎన్నాళ్లూదుతుంది? రెండేళ్లు చూసి మాట్లాడడమే మానేసింది. ఏమున్నా కూతురు మాలిని చేత కబురు. తన మాట అబద్ధమని ఇంటిదే అనుకుంటోందని మునిసామికి గుండెలో ముల్లు గుచ్చినట్టుండేది. ఆ మౌనానికి ఏడాది నిండింది.

చివరికి మాలినే ఒక ఉదయం ఇద్దరినీ చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరు చారులతదీ వీళ్లలాగే తెలుగిల్లే. ఆవిడ రెండు కొమ్ముల ఇనప కడ్డీ ఒకటి మోగించి అతని చెవి పక్కన పట్టుకుంది. మునిసామి తల అడ్డంగా ఊపాడు. దాని కాడను చెవి వెనక ఎముకకు ఆనించింది.

"ఆమా, ఇప్పుడు బాగా ఇనిపిస్తాది."

సౌందరం కుర్చీ అంచుకు జరిగింది.

"ఈయన చెప్పేది నిజమేమ్మా," అంది డాక్టరు. తర్వాత అతని చెవి దగ్గర గొంతు పెంచింది. "లోపల మూడు చిన్న ఎముకలు ఉండాయి అయ్యా. మూడోది స్టేపీస్. గుర్రం ఎక్కేవాళ్లు పాదం పెట్టే రికాబు మాదిరి ఉంటాది. మీకు అది బిగుసుకుపోయింది. గాలిలో వచ్చే మాట దాని మీదుగానే లోపలికి పోవల్ల. ఎముకలో పోయేదానికి ఆ దారి అక్కర లే."

ఫిట్టరన్నాక ప్రతి భాగం పేరూ కావాలి. "ఆ పేరు ఎందుకు పెట్టిరి?"

"లాటిన్‌లో రికాబుకు ఆ మాట. పాత రోమువాళ్లకు రికాబే తెలియదంట. అది వచ్చినాక, నిలబడేదానికి ఒక మాట, పాదానికి ఒక మాట చేర్చి పేరు కట్టిరని చెప్పుతారు."

మునిసామి చెవి వెనక తడుముకున్నాడు. "నిలవమని పేరు పెట్టిరి, అది నిలిచేపాయె. దాని తప్పేముందమ్మా?"

డాక్టరు నవ్వేసింది. వచ్చే నెల ఆపరేషన్ అనీ, ఆ ఎముక బదులు చిన్న పిస్టన్ పెడతామనీ చెప్పింది. పిస్టన్ అనగానే మునిసామికి సగం భయం పోయింది.

మధ్యాహ్నం ఇంటికి రాగానే సౌందరం అతని సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసింది. పిడి అతని చెవి వెనక నొక్కి, కొన తన గడ్డానికి ఆనించుకుంది.

"ఏడాది ఊరికే మాట్లాడకుంటిని. తప్పు నాదే."

ప్రతి మాటా వినిపించింది. మునిసామి కళ్లు తుడుచుకున్నాడు.

"అది ఉండనీ. ముందు అడుగుతా ఉంటివే, అది అడుగు."

"అన్నం పెట్టేదా?"

"పెట్టు," అన్నాడు మునిసామి.