బాయిలర్ మూత కోసం

ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో స్టోర్ గుమాస్తాగా చేరిన కొత్తలో నాతో మనసు విప్పి మాట్లాడే మనిషి ఒక్కడే ఉండేవాడు. బాయిలర్ నడిపే కాకా. సేటు వాళ్లది మార్వాడీ ఇల్లు, కూలీల్లో సగం మంది మరాఠీ వాళ్లు. పొద్దుగూకితే ఎవరి వాడకు వాళ్లు పోయేవారు. నాది కరీంనగర్ పక్క పల్లె, కాకాది పెద్దపల్లి దగ్గర. ఒకే జిల్లా అన్న ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఆయన్ను జిగురులా అంటుకున్నాను.

బాయిలర్ కడిగే రోజు నాకు పండగ. కాకా కంత గుండా లోపలికి దూరి, గోడలకు పేరుకున్న సున్నపు పొరను సుత్తితో కొట్టి రాల్చేవాడు. లోపల మనిషి ఉన్నంతసేపూ బయట ఒకరు కూచుని ఆపకుండా మాట్లాడాలన్నది మా మిల్లు పద్ధతి. మాట ఆగిందంటే కాపలా లేదని లెక్క, లోపలివాడు వెంటనే బయటపడాలి. ఆ పని తగువులాడి మరీ నేను తీసుకున్నాను. మా అవ్వ పోయిన సంగతి, కుదిరిన సంబంధం తప్పిపోయిన సంగతి, హోటల్ వాడి నీళ్లపప్పు సంగతి, అన్నీ ఆ కంతలోకే చెప్పుకున్నాను. జవాబుగా సుత్తి మోగేది. అంత ఓపికగా నా గోడు విన్నవాళ్లు మళ్లీ ఎవరూ దొరకలేదు.

ఒక ఏడు పత్తి రాకముందు బాయిలర్ ఇన్స్‌పెక్టర్ వచ్చాడు. ఆ కంతకు బిగించే మూత చూసి పెదవి విరిచాడు. అంచు తుప్పు తినేసింది, సన్నగా చీలిక కూడా ఉంది. ఈ మూతతో ఆవిరి ఎక్కించొద్దన్నాడు. పెద్ద సేటు పోయాక మిల్లు చూసుకుంటున్న చిన్న సేటు ఏమీ బాధపడలేదు. మూత దొరికితే సరే, లేకపోతే బాయిలర్‌ను పాత ఇనుము కింద అమ్మేసి ఆయిల్ ఇంజన్ కొంటానన్నాడు. ఆయిల్ ఇంజన్ వస్తే కాకాతో పనుండదు. మూత నేను తెస్తానని అక్కడికక్కడే అనేశాను. నన్నెవరూ అడగలేదు.

మూత అంటే కుండ మీద పెట్టేది కాదు. కోలగా ఉంటుంది. దాన్ని అడ్డంగా తిప్పి కంత గుండా లోపలికి దూర్చి, లోపలి వైపు నుంచి అంచుకు ఆనించి, బయటికి లాగి బిగించాలి. ఆవిరి ఎంత నెడితే అంత గట్టిగా కూచుంటుంది. కొత్తది తెప్పిద్దామంటే బాయిలర్ చేసిన కంపెనీ విలాయతులో ఉంది. వాళ్లు పంపేసరికి పత్తి కాలమే అయిపోతుంది. ఇక్కడ పోత పోయిస్తే ఇన్స్‌పెక్టర్ ఒప్పుకోడు. అదే తరహా పాత బాయిలర్‌ను ఎక్కడైనా విప్పుతుంటే, దాని మూత గట్టిగా ఉంటే, అదొక్కటే దారి. కిరోసిన్ డబ్బా రేకును కంత కొలతకు కోసి చంకలో పెట్టుకుని బయలుదేరాను.

కరీంనగర్‌లో దొరకలేదు. పెద్దపల్లి రైసు మిల్లులన్నీ తిరిగాను. అందరూ గుండ్రటి మూతలే చూపించారు. ఒక మిల్లు మేస్త్రి నా రేకు చూసి, "గిదేంది భాయ్, పెండ్లిపిల్ల కాలి కొలత తెచ్చినవా? గింత పెద్ద పాదమా!" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రోడ్డు మీదికొచ్చాక ఎందుకో ఏడుపొచ్చింది.

కాకా ఊరు దగ్గరే కదా అని నడుచుకుంటూ పోయాను. కాకా భార్య గోడలకు సున్నం వేస్తోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని జొన్నరొట్టె పెట్టింది.

"మూత దొరికిందా బిడ్డా?" అని అడిగింది. అప్పటికే ఎవరితోనో కబురు అందినట్టుంది.

"దొరకలే చిన్నమ్మా. మస్తు తిరిగిన."

"పోనీ తియ్. ఏం ఫికర్ చెయ్యకు," అని ఇంకో రొట్టె వేసింది. ఎంత మంచి మనసు అనుకున్నాను.

చివరికి మంచిర్యాల అవతల ఒక బొగ్గు గనిలో పాత బాయిలర్‌ను కోస్తుంటే దాని మూత కనబడింది. రేకు ఆనించి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. గోనెసంచిలో చుట్టుకుని ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ దాకా రైల్లో, అక్కణ్నుంచి ఉట్నూరు మీదుగా బస్సులో, దాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని వచ్చాను. దారి పొడుగునా ఒక్కడినే ముసిముసిగా నవ్వుకున్నాను.

కాకా మూత అంచంతా చేత్తో తడిమాడు. "మంచిగున్నది," అన్నాడు. అంతే, కింద కూలబడ్డాడు.

"ఏమైంది కాకా?"

"ఏం లేదు బిడ్డా. గీ బాయిలర్ నడిచినన్ని దినాలు నేనే నడుపుత అని పెద్ద సేటు సచ్చేటప్పుడు ఆయనకు మాటిచ్చిన. ఇగ మూత దొరకది, ఇంటికొస్తున్న అని మీ చిన్నమ్మకు చెప్పి పంపిన."

"మరి నాకెందుకు చెప్పకపోతివి?" అన్నాను.

"నువ్వు గంత సంబురంగ పోతివి. ఎట్ల చెప్పుదు?"

ఆయన్ను ఇంటికి పంపమని చిన్న సేటుతో నేను మాట్లాడతానన్నాను. వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. మాట ఇచ్చింది తనట, దాన్నుంచి విడిపించడం చిన్న సేటు చేతిలో లేదట.

ఇన్స్‌పెక్టర్ వచ్చి పరీక్ష చేసి పాస్ చేశాడు. ఆవిరి పూర్తిగా ఎక్కించినా చుక్క కారలేదు. చిన్న సేటు నా భుజం తట్టాడు. కాకా బొగ్గు వేస్తూ నా వైపు చూసి నవ్వాడు, నా మనసు నొచ్చుకోకూడదని. నాకు ఏకాకితనం అంటే భయమని అంత దూరం తిరిగాను. ఆయనా తన ఇంటికి దూరంగా అంతే ఒంటరిగా ఉన్నాడని ఒక్కనాడూ నాకు తోచలేదు.

నేను తెచ్చిన మూత మంచి ఉక్కు. అది అరిగిపోయేదాకా కాకా ఇంటికి పోలేదు.